మజిల్‌లో (తుపాకీ మూతిలో) రౌండ్ (తూటా) దిగితే బ్యారెల్ ఖతమైనట్టేనా?

"సార్, మా తాత రైఫిల్ ఖతమైందంట. బ్యారెల్ మార్చాల్నంట."

పోయిన వానాకాలం పరకాల దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్లగాడు కుర్చీలో కూర్చోకముందే అన్న మాట ఇది. తాత పోయాక లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకోవడానికి కాళ్లరిగేలా తిరిగాడట. తీరా ఆ .315 రైఫిల్ చేతికొచ్చాక, తెలిసినాయన ఒకరు మజిల్‌లో రౌండ్‌ను బుల్లెట్ కిందికి వచ్చేలా తలకిందులుగా పెట్టి, బుల్లెట్ వెనకున్న ఇత్తడి గొట్టం మూతికి తగలడం చూపించి, "ఇత్తడి దాకా దిగింది చూడు, ఇక ఇది ఇనుప సామాన్లకే" అన్నాడట. పిల్లగాడికి రెండు రోజులుగా నిద్ర లేదు.

పోలీసు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, ఇరవై ఏడేళ్లు .303 రైఫిళ్లతోనే గడిపాను. రిటైరయ్యాక హనుమకొండలో లైసెన్సున్న రిపేరు షాపులో కూర్చుంటున్నా. ఈ ఇత్తడి మాట వినని నెల లేదు.

అపోహ: రౌండ్ ఎంత దిగితే బ్యారెల్ అంత అరిగినట్టు

ముందు ఒకటి చెప్పాలి. లైవ్ రౌండ్‌తో ఈ పరీక్ష చేసేవాళ్లను చూస్తే నాకు చెయ్యి దురద పెడుతుంది. చూసి తీరాలనుకుంటే బోల్ట్ (వెనక రౌండ్‌ను లోపలికి తోసి మూసే భాగం) బయటికి తీసి, మందు లేని డమ్మీ రౌండ్‌తో చూడండి.

ఇక విషయానికొస్తే, బుల్లెట్ ముక్కు ముందుకు సన్నబడి ఉంటుంది. అది మజిల్ దగ్గర రైఫ్లింగ్ (బుల్లెట్‌ను తిప్పడానికి బ్యారెల్ లోపల చెక్కిన మెలికల గాడులు) అంచును ఎక్కడ తాకితే అక్కడ ఆగుతుంది. అంటే మీకు తెలిసేది చివరి కొద్ది మిల్లీమీటర్ల సంగతే. మూతి గరాటులా కొంచెం విచ్చుకున్నా రౌండ్ దిగిపోతుంది. లోపల రెండడుగుల బ్యారెల్ ఎలా ఉందో ఆ పరీక్ష చెప్పదు. అరుగుదల కొలవడానికి ప్లగ్ గేజ్‌లు (లెక్క ప్రకారం చేసిన కొలత కడ్డీలు) ఉన్నాయి, వాటిని లోపలికి దించి చూడాలి.

నేనూ ఈ తప్పు చేసినవాడినే. కొత్తలో రెండు .303లు నా ముందుకొచ్చాయి. ఒకదాంట్లో రౌండ్ ఇత్తడి దాకా దిగింది. రెండోదాంట్లో బుల్లెట్ చాలావరకు బయటే ఆగింది. మొదటిదానికి చీటీ కట్టి పక్కన పడేశా. మా ఉస్తాద్ చూశాడు. "గిది ఖరాబైందని ఎవడు చెప్పిండ్రా నీకు? గా బుల్లెట్ చెప్పిందా?" అని రెండూ భుజాన వేసుకుని నన్ను చాంద్‌మారీకి (కాల్పులు ప్రాక్టీసు చేసే మైదానానికి) తీసుకుపోయాడు. వంద గజాల దగ్గర నేను పక్కన పెట్టిన రైఫిల్ ఐదు రౌండ్లూ ఒక అరచెయ్యి కింద దాగేంత దగ్గరగా కొట్టింది. నేను బాగుందన్నది మాత్రం ఒకటి పైన, ఒకటి పక్కన, ఒకటి టార్గెట్‌కే తగలకుండా పోయింది. దాని మజిల్ కొత్త పెళ్లికూతురిలా ఉంది కానీ వెనక రౌండ్ కూర్చునే చాంబర్ ముందు, రైఫ్లింగ్ మొదలయ్యే థ్రోట్ కాలిపోయింది. పాత .303లో వాడిన కార్డైట్ అనే తూటా మందు చాలా వేడిగా మండుతుంది. దాని దెబ్బకే పాత బ్రిటిష్ రైఫిల్ లీ-మెట్‌ఫర్డ్‌లోని లోతు తక్కువ రైఫ్లింగ్ తొందరగా చెరిగిపోతోందని, 1895లో ఐదు గాడుల ఎన్‌ఫీల్డ్ రైఫ్లింగ్ తెచ్చారు.

అయితే మజిల్ అరిగితే ఏమీ కాదా? అవుతుంది. ఎంత అరిగిందన్నదాని కన్నా ఎలా అరిగిందన్నది ముఖ్యం. బుల్లెట్ మూతి దాటే క్షణంలో వెనకున్న గ్యాస్ చుట్టూ సమానంగా వెళ్లిపోవాలి. అంచు ఒక పక్క కోసుకుపోయి ఉంటే అక్కడి నుంచి గ్యాస్ ముందే తన్నుకొస్తుంది, బుల్లెట్ పిర్రను పక్కకు నెడుతుంది. బుల్లెట్ ఊగుతూ పోతుంది. చుట్టూ సమానంగా విచ్చుకున్న మూతి కొంతవరకు సర్దుకుంటుంది, ఒకవైపు గాడి పడ్డ మూతి సర్దుకోదు. కాల్చిన తర్వాత మూతి అంచు మీద మసి చూడండి. పూరేకుల్లా చుట్టూ ఒకేలా ఉంటే దిగులు పడకండి. ఒక పక్క పొడుగ్గా సాగి, ఇంకో పక్క మాయమైతే అప్పుడు రండి.

ఆ గాడి పడేది కూడా ఎక్కువగా మన చేతులతోనే. పుల్‌త్రూ (బ్యారెల్ తుడిచే గుడ్డ కట్టిన తాడు) చాంబర్ వైపు నుంచి వేసి మజిల్ వైపు లాగుతాం కదా. తాడును నిటారుగా లాగకుండా వంచి లాగితే, దానికి అంటుకున్న దుమ్ము ఇసుక కాగితంలా పనిచేస్తుంది. బావి గిలక లేని చోట చేంతాడు గట్టు రాయిని కోసినట్టే. వేల సార్లు లాగితే ఉక్కు కూడా కోసుకుపోతుంది. ఇక గైడ్ లేకుండా మజిల్ నుంచి స్టీల్ రాడ్ తోసేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

పరకాల పిల్లగాడి రైఫిల్ బోల్ట్ తీసి, లైటు పెట్టి, భూతద్దంలో చూశా. మూతి చుట్టూ సమానంగా విచ్చుకుంది, అంతే. రైఫ్లింగ్ అంచులు ఇంకా కనబడుతున్నాయి. కర్రను ఇనుముకు బిగించి పట్టుకునే ట్రిగ్గర్ గార్డ్ ముందు స్క్రూ మాత్రం వేలితోనే తిరిగింది! ఈ రైఫిళ్ల బ్యారెల్ సన్నం, కింది కర్ర దాన్ని ఎలా పట్టుకుందన్న దాని మీదే గురి ఆధారపడి ఉంటుంది. మన దగ్గర మే ఎండకు కర్ర ఎండి కుంచించుకుపోతుంది, జూలై వానకు ఉబ్బుతుంది. పైగా ఏళ్ల తరబడి నూనె తాగి మెత్తబడింది. కర్ర సరిచేసి, స్క్రూ బిగించి పంపా. రేంజ్‌కు వెళ్లొచ్చి ఫోన్ చేశాడు. మొదట అన్నం కంచమంత వెడల్పున పడిన రౌండ్లు ఈసారి టీ సాసరంత చోట పడ్డాయట. బ్యారెల్ మీద నేను చెయ్యి కూడా వెయ్యలేదు.

మిగతా అపోహలు

బ్యారెల్ అద్దంలా మెరిస్తే మంచిదంటారు. అరిగి నున్నబడినా మెరుస్తుంది. లోపల కొంచెం మచ్చలున్నవి బాగా కొట్టడం ఎన్నోసార్లు చూశా.

నూనె రాస్తే చాలంటారు. పాత మిలిటరీ రౌండ్ల ప్రైమర్ (మందును అంటించే అడుగు టోపీ) కాలితే ఉప్పు మిగులుతుంది, గాలిలో తేమను పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే బ్రిటిష్ సైన్యంలో గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేవారు. నీళ్లు పోశాక పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయాలి.

ఎన్నికలప్పుడు తుపాకీని పోలీసుల దగ్గర డిపాజిట్ చేసేటప్పుడు కాన్వాస్ కవర్లో చుట్టి ఇస్తే భద్రమనుకుంటారు. ఆ కవరే తేమను పట్టి ఉంచుతుంది. 2023 నవంబర్‌లో అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ ఎన్నికలు అయ్యాక నా దగ్గరికొచ్చిన తుప్పులో ఎక్కువ భాగం కవర్ల పుణ్యమే. వెనక్కి తెచ్చుకున్నాక దాచేటప్పుడు బ్యారెల్‌లో పూసిన గ్రీజు తుడవకుండా మాత్రం కాల్చకండి.

ఆఖరుది: "మూతి ఒక అంగుళం కోయించేయ్, కొత్తదైపోతుంది." లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 6 కింద నేరం. ఇంట్లో హాక్సా పట్టుకుని వెల్డింగ్ షాపాయన్ని పిలిచే ముందు నాకో ఫోన్ కొట్టండి, తిట్టడానికైనా ఎత్తుతా.