అట్టపెట్టెల నిల్వ ఎవరు చూసుకోవాలి?

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల ప్లాంటులోనైనా అట్టపెట్టెలు అయిపోతే ప్యాకింగ్ ఆగుతుంది, దాని వెనకే ఒక్కొక్కటిగా అన్నీ ఆగుతాయి. తల తీసి, కౌంటు వారీగా, అంటే సైజును బట్టి వేరుచేసిన రొయ్య రేపటిదాకా ఆగదు. పోనీ గదుల నిండా పేర్చుకుందామంటే వానాకాలం తేమకు అట్ట మెత్తబడిపోతుంది.

అందుకే నిల్వ బాధ్యతను పెట్టెలు అమ్మేవాళ్లకే అప్పగించే పద్ధతి ఒకటుంది. ప్లాంటు ఆర్డరు పెట్టదు, వాడకం లెక్క మాత్రం రోజూ పంపుతుంది. ఎప్పుడు ఎన్ని తేవాలో సరఫరాదారు చూసుకుంటాడు. 1980ల చివర్లో అమెరికాలో వాల్‌మార్ట్, ప్రోక్టర్ అండ్ గాంబుల్ కలిసి దీన్ని నడిపాక బాగా ప్రచారంలోకి వచ్చింది.

దీనివల్ల లాభమెంతో సగటు చూసి చెప్పలేం. రోజుకు సగటున 400 పెట్టెలు వాడతారనీ, హెచ్చుతగ్గుల కొలత, అంటే క్రమ విచలనం, 120 అనీ అనుకుందాం. సరుకు రావడానికి 9 రోజులు పడితే 120ని 9తో కాదు, దాని వర్గమూలం 3తో గుణించాలి. ఒకరోజు ఎక్కువైతే ఇంకోరోజు తక్కువై కొంత సర్దుకుంటుంది కదా! వచ్చేది 360. నూటికి 99 సార్లు చాలాలంటే గణాంక పట్టికల ప్రకారం దానికి 2.33 రెట్లు, అంటే సుమారు 840 పెట్టెలు సగటు వాడకానికి పైన ఉండాలి. కొత్త పద్ధతిలో 4 రోజుల్లోనే వస్తే 560 చాలు.

అయితే ఆ 4 రోజులు నమ్మకంగా నాలుగే కావాలి. లారీ రాకలో ఒక్క రోజు క్రమ విచలనం ఉన్నా అదనపు నిల్వ దాదాపు 1,090కి పెరుగుతుంది. కచ్చితంగా 9 రోజులకు వచ్చే పాత పద్ధతి కన్నా ఇది ఎక్కువ! త్వరగా రావడం కన్నా చెప్పిన రోజుకు రావడమే ముఖ్యమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

డెల్టాలో ఇంకో చిక్కుంది. వర్గమూలం లెక్క పనిచేయాలంటే ఒక రోజు వాడకానికి మరో రోజుతో సంబంధం ఉండకూడదు. కానీ తెల్లమచ్చ తెగులు సోకినా, తుఫాను వస్తుందన్నా రైతులు చెరువులు వరసపెట్టి పట్టేస్తారు. అన్ని ప్లాంట్లకూ ఒకేసారి సరుకు వచ్చిపడుతుంది. నాలుగు ప్లాంట్ల గిరాకీ విడివిడిగా మారితే సరఫరాదారు అదనపు నిల్వ ఒక ప్లాంటుకు ఉంచేదానికి నాలుగింతలు కాదు, రెండింతలు ఉంచితే చాలు. ఈ పద్ధతికి అసలు బలం అక్కడే. పట్టుబడులన్నీ ఒకే వారంలో పడితే ఆ బలం పోతుంది. కాబట్టి పాత రిజిస్టర్లలో అలాంటి వారాలను వేరుచేసి, పెట్టెలు చాలకపోయే సంభావ్యతను విడిగా కట్టాలి.

ఆ తర్వాత జరిమానా సంగతి. పెట్టె ఒకటి తక్కువైతే ప్లాంటుకు 90 రూపాయలు నష్టం, ఒకటి మిగిలితే ఖర్చు 10 రూపాయలు అనుకుంటే, 90ని మొత్తం 100తో భాగించగా నూటికి 90 సార్లు సరిపడేంత నిల్వ సబబు. అదే సరఫరాదారుకు పడే జరిమానా 10 రూపాయలే అయితే, 10ని 20తో భాగించి, నూటికి 50 సార్లు చాలేంత ఉంచడమే అతనికి లాభం. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ప్లాంటు యజమాని ముందుగా చూడాల్సింది ఆ జరిమానా అంకెనే.