వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర మీద ఇంత గొడవ ఎక్కడ మొదలైంది

మళ్ళీ అదే గొడవ. ఎవరో ఒకరు తమకి ఆటో ఇమ్యూన్ జబ్బు ఉందని బయటికి చెప్తారు, రెండ్రోజులు అందరూ అయ్యో అంటారు, మూడో రోజుకల్లా, కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బులకి వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మాత్ర మీద వీడియోలు మొదలవుతాయి - "మెథోట్రెక్సేట్ అంటే క్యాన్సర్ మందు, లివర్ పోతుంది, జీవితాంతం మింగిస్తారు, అసలు కారణం వదిలేసి పైపైన అణిచేస్తారు" అని. 2022 అక్టోబర్‌లో సమంత తనకి మయోసైటిస్, అంటే కండరాల మీద పడే ఆటో ఇమ్యూన్ జబ్బు, అని చెప్పినప్పుడు ఇదే చూశాం. 2024 జూలైలో ఆవిడ హైడ్రోజన్ పెరాక్సైడ్ నెబ్యులైజర్ గురించి పోస్ట్ పెడితే డాక్టర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, నిజానికి అది మయోసైటిస్ గురించి కాదు, మామూలు వైరల్ ఇన్ఫెక్షన్ గురించి, ఐనా మాట తిరిగి తిరిగి ఆటో ఇమ్యూన్ మందుల దగ్గరికే వచ్చింది.

మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మన కీళ్ళ మీదో, థైరాయిడ్ మీదో, కండరాల మీదో పడటమే ఈ జబ్బు అని ఇప్పుడు అందరికీ తెలుసు, అది మళ్ళీ రాయను. నాకు చెప్పాలనిపించేది ఒకటే. జనానికి ఈ మందులంటే ఉన్న భయం ఊరికే పుట్టింది కాదు, దానికి కారణం ఉంది, కానీ ఆ కారణం పేరు మెథోట్రెక్సేట్ కాదు, స్టిరాయిడ్. ఒకటి చేసిన పాపం ఇంకోదాని నెత్తిన పడింది. అదెలా జరిగిందో తెలియాలంటే 1948కి వెళ్ళాలి.

ఆ ఏడాది సెప్టెంబర్ 21న అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో, మేయో క్లినిక్ డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం కీళ్ళవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ళ ఆవిడకి కాంపౌండ్ ఇ అనే పదార్థం ఇంజెక్షన్ చేసింది. హెంచ్ దీని కోసం దాదాపు 20 ఏళ్ళుగా వెతుకుతున్నాడు. కామెర్లు వచ్చిన వాళ్ళకీ, గర్భంతో ఉన్న ఆడవాళ్ళకీ కీళ్ళ నొప్పులు వాటంతటవే తగ్గిపోవడం గమనించి, ఒంట్లోనే ఏదో ఉంది ఇది తగ్గించేది అని పట్టుకున్నాడు. అదే ఊళ్ళో కెండాల్ అనే కెమిస్ట్ కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి తీసిన హార్మోన్లలో ఇదొకటి. తర్వాత దీనికే కార్టిజోన్ అని పేరొచ్చింది, మనం స్టిరాయిడ్ అనేది ఈ రకం మందునే. పశువుల పిత్తంలో దొరికే ఆమ్లం నుంచి 30కి పైగా దశల్లో తయారు చేయాలి కాబట్టి చిటికెడు మందు దొరకడమే గగనం. ఇంజెక్షన్ చేసిన మూడు నాలుగు రోజులకి ఆవిడ లేచి నడిచింది, వారం తిరిగే లోపు ఊళ్ళోకి షాపింగ్‌కి వెళ్ళొచ్చింది. మంచం దిగలేని మనిషి.

1949 ఏప్రిల్‌లో హెంచ్ ఈ ఫలితాలు బయటపెట్టాడు. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ ముగ్గురికీ నోబెల్ వచ్చేసింది, అంటే మొదటి ఇంజెక్షన్ నుంచి నోబెల్‌కి రెండేళ్ళ పైచిలుకే. ఇది జబ్బుని నయం చేసేది కాదు, ఆపితే తిరగబెడుతుంది అని హెంచ్ మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాడు, కానీ నడవలేని వాళ్ళు నడుస్తుంటే ఆ మాట ఎవరికి వినపడుతుంది. డోసులు పెంచారు, నెలల తరబడి ఇచ్చారు. మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ వచ్చింది, ఎముకలు గుల్లబారాయి, కడుపులో పుండ్లు, కొంతమందికి మతి చెదిరింది. ఆపితే నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. 1954లో బ్రిటన్‌లో కొత్తగా కీళ్ళవాతం మొదలైన వాళ్ళలో కొందరికి కార్టిజోన్, కొందరికి మామూలు ఆస్పిరిన్ ఇచ్చి పోల్చి చూస్తే పెద్ద తేడా కనపడలేదు. ఆరేళ్ళలో అద్భుతం కాస్తా అక్కడికొచ్చింది. 1955లో ప్రెడ్నిసోన్ అనే ఇంకో స్టిరాయిడ్ వచ్చి కొన్ని ఇబ్బందులు తగ్గాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి.

"స్టిరాయిడ్ ఇచ్చి ఒళ్ళు పాడు చేస్తారు" అన్న మాట అందుకే గాలి కబురు కాదు. అనుభవించిన వాళ్ళు చెప్పిన మాట. ఇవాళ్టికీ లూపస్ అనే ఆటో ఇమ్యూన్ జబ్బు కిడ్నీల దాకా వెళ్ళినప్పుడు, మయోసైటిస్‌లో మింగడం కూడా కష్టమైనప్పుడు ప్రాణం నిలబెట్టేది స్టిరాయిడే, కాకపోతే ఎంత తొందరగా తగ్గించగలమా అని చూస్తూ వాడతారు.

ఇంకో సంగతి గమనించండి. కార్టిజోన్ వచ్చిన రోజుకి కీళ్ళవాతం ఆటో ఇమ్యూన్ జబ్బు అని తేలనే లేదు. ఒళ్ళు తన మీద తనే దాడి చేసుకోదు అన్నదే అప్పటి పెద్దల నమ్మకం. 1956లో అమెరికాలో నోయెల్ రోజ్, విటెబ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు కుందేళ్ళకి వాటి థైరాయిడ్ పదార్థాన్నే ఎక్కించి, వాటి రక్షణ వ్యవస్థ సొంత థైరాయిడ్ మీద పడటం చూపించాకే, అదే ఏడాది లండన్‌లో హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు పేషెంట్ల రక్తంలో సొంత థైరాయిడ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు దొరికాకే ఆ నమ్మకం కదిలింది. మందు ముందొచ్చింది, కారణం తర్వాత వచ్చింది. "కారణం తెలీకుండా మందులిస్తున్నారు" అనే వాళ్ళ మాటలో అందుకే కొంత చారిత్రక నిజం ఉంది.

ఇప్పుడు ఇంకో దారి. అదే 1948లో, రోచెస్టర్‌లో ఆ ఇంజెక్షన్ పడటానికి నెలన్నర ముందు, ఆగస్టులో న్యూయార్క్‌లో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు చనిపోయారు. భీమవరంలో పుట్టడం, హార్వర్డ్ కష్టాలు, ఆ కథ మనకి స్కూల్లోనే చెప్పారు. ఇక్కడ కావాల్సింది లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపించిన ల్యాబ్. ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ని అక్కడ తయారు చేశారు, ఆ తర్వాత దానికి అడ్డుపడే పదార్థాలు కూడా అక్కడే చేశారు, అమినోప్టెరిన్, దాని తమ్ముడు అమెథోప్టెరిన్. ఆ తమ్ముడే మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి ఇస్తే 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది, 1948 జూన్‌లో అది పేపర్‌గా వచ్చింది. "క్యాన్సర్ మందు" అన్న ముద్ర అప్పుడు పడింది, ఇప్పటికీ చెరగలేదు.

కానీ 1951లోనే గూబ్నర్ అనే డాక్టర్, ఆయన సహచరులు అమినోప్టెరిన్‌ని కొద్ది డోసులో కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి వాడి చూశారు, పని చేసింది! అది ఎంతమందికి తెలుసు? అప్పటికి అందరి కళ్ళూ కార్టిజోన్ మీద ఉన్నాయి, దీన్ని పట్టించుకున్న వాళ్ళు లేరు. చర్మం డాక్టర్లు ఈ రకం మందుల్ని సోరియాసిస్‌కి వాడుకుంటూ పోయారు గానీ కీళ్ళవాతానికి మాత్రం పక్కన పడిపోయింది. హాఫ్‌మైస్టర్ అనే డాక్టర్ తన పేషెంట్ల మీద మెథోట్రెక్సేట్‌తో 15 ఏళ్ళ అనుభవాన్ని 1983లో రాశాడు, 1985లో వైన్‌బ్లాట్ బృందం ఉత్తుత్తి మందుతో పోల్చి ట్రయల్ చేసింది, 1988లో అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతి వచ్చింది. 1951 నుంచి 1988, 37 ఏళ్ళు. ఆ 37 ఏళ్ళలో చేతులు వంకరపోయిన వాళ్ళని తలుచుకుంటే నాకు మనసు ఆగదు. నా లెక్కలో ఈ మొత్తం కథకి మలుపు ఇదే. సరైన మందు చేతిలో ఉండగా తొందరగా లేపి నడిపించే మందు వైపు పరిగెత్తాం, దాని దెబ్బ తిని, ఆ భయంతో సరైన మందుని కూడా తోసేశాం.

డోసు సంగతి చూడండి. క్యాన్సర్‌కి కొన్ని రకాల్లో దీన్ని గ్రాముల్లో ఎక్కిస్తారు. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి, మామూలుగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. "మరి దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఎందుకు ఇస్తారు, విషం కాబట్టేగా విరుగుడు" అని వీడియోల్లో అడుగుతుంటారు. ఇంత తక్కువ డోసులో ఇది ఎక్కువగా అడెనోసిన్ అనే వాపు తగ్గించే పదార్థాన్ని పెంచడం ద్వారా పని చేస్తుందని పరిశోధనలు చెప్తున్నాయి, ఫోలిక్ యాసిడ్ నోటి పుండ్లు, వికారం, లివర్ ఎంజైములు పెరగడం లాంటివి తగ్గిస్తుంది, మందు పనిని పెద్దగా చెడగొట్టదు. నిజమైన ప్రమాదం వేరే ఉంది, వారానికి ఒకసారి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసేసుకోవడం. నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణాలు పోయిన వాళ్ళున్నారు. గర్భం కావాలనుకునే వాళ్ళు డాక్టర్‌తో మాట్లాడి ముందే ఆపాలి, మద్యం తాగే అలవాటు ఉంటే చెప్పాలి, రక్తం, లివర్, కిడ్నీ పరీక్షలు వేళకి చేయించుకోవాలి. ఇవన్నీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సిన మాటలు, నాలుగు నిమిషాల ఓపీలో చెప్పరు, పేషెంట్ ఇంటికొచ్చి కాగితం తెరిస్తే మొదట కనపడేది క్యాన్సర్ అన్న పదం. ఈ ఒక్క విషయంలో తప్పు డాక్టర్ల వైపే ఎక్కువుందని నేననుకుంటాను.

మా పిన్ని సంగతి అలాగే అయ్యింది. పొద్దున్నే లేస్తే గంట సేపు వేళ్ళు ముడవలేకపోయేది, తడిబట్ట పిండలేదు, జడ వేసుకోలేదు. డాక్టర్ మెథోట్రెక్సేట్ రాస్తే నాలుగు వారాలు వేసుకుంది, పక్కింటావిడ "ఇది క్యాన్సర్ వాళ్ళకిచ్చేది కదమ్మా" అంది, ఆపేసింది. తర్వాత ఎవరో చెప్తే ఒక ఊరికెళ్ళి నాటు పొడి తెచ్చుకుంది, పొట్లాలు కట్టి ఇచ్చారంట, పత్యం కూడా చెప్పారు. వారంలో నొప్పి మాయం. అచ్చం రోచెస్టర్ ఆవిడ లాగే. "చూశావా, ఇంగ్లీషు మందుల వాళ్ళకి చేతకానిది" అని నాతో ఫోన్లో ఎంత సంతోషంగా చెప్పిందో. ఏడాదికి మొహం గుండ్రంగా వచ్చింది, పుష్టిగా అయ్యాననుకుంది, షుగర్ వచ్చింది, పొడి దొరక్క ఆగిపోయిన పది రోజులకి బీపీ పడిపోయి కళ్ళు తిరిగి పడిపోయింది. హాస్పిటల్లో పొద్దున పూట కార్టిసాల్, అంటే ఒళ్ళు సొంతంగా తయారు చేసుకునే స్టిరాయిడ్, చూస్తే అడుగంటింది, బయటి నుంచి స్టిరాయిడ్ వస్తుంటే ఒంట్లో గ్రంథి పని మానేస్తుంది, డాక్టర్ పొట్లం సంగతి అడిగి తల ఊపారు. ఇలాంటి మూలికా పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టిరాయిడ్లు కలిపినట్టు పరీక్షల్లో చాలాసార్లు దొరికింది. క్యాన్సర్ మందని భయపడి మెథోట్రెక్సేట్ మానేసిన మనిషి, పేరు తెలీని స్టిరాయిడ్ చేతిలో పడింది.

పరీక్షల విషయంలో కూడా రెండు వైపులా తప్పులున్నాయి. ల్యాబ్ ప్యాకేజీల్లో ఏఎన్ఏ (సొంత కణాల మీద పడే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్ అని వస్తే లూపస్ వచ్చేసిందని హడలిపోతున్నారు, ఏ జబ్బూ లేని వాళ్ళలో కూడా రక్తాన్ని 80 రెట్లు పలచన చేసి చూసే 1:80 దగ్గర నూటికి 13 మంది దాకా, 1:160 దగ్గర 5 మంది దాకా పాజిటివ్ వస్తుంది. కీళ్ళవాతానికి చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ కూడా అంతే, వయసు పైబడిన వాళ్ళలో ఊరికే ఉండొచ్చు. 1990ల చివర వచ్చిన యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష అంతకంటే నమ్మదగ్గది. అసలు జబ్బు పట్టుకునేది కాగితం కాదు, ఏ కీళ్ళు వాచాయి, పొద్దున బిగుతు ఎంతసేపు, మెట్లెక్కలేకపోవడం నొప్పి వల్లా బలం లేకా, అని అడిగే డాక్టర్. మయోసైటిస్ అయితే కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే ఎంజైమ్, కండరాల్లో కరెంటు ఎలా ఉందో చూసే ఈఎంజీ, ఎమ్మారై, ఒక్కోసారి కండరం ముక్క తీసి చూడాలి. ఆలస్యం మాత్రం ఖరీదైంది, అరిగిన ఎముక తిరిగి రాదు.

మూలకారణం మాట ఎత్తే వాళ్ళ వైపు నుంచి కూడా చెప్పాలి, కారణాల వేట నిజమైన పనే. సీలియాక్ అనే పేగు జబ్బులో తిండే కారణం, గోధుమలోని గ్లూటెన్ మానేస్తే పేగు కోలుకుంటుంది, నెదర్లాండ్స్ డాక్టర్ డికే 1950లో దాన్ని తేల్చాడు. పొగతాగడం కీళ్ళవాతం ముప్పు పెంచుతుంది, మానితే మంచిదే. 2022లో అమెరికా సైనికుల రక్తం శాంపిళ్ళతో చేసిన పరిశోధనలో ఎప్‌స్టైన్ బార్ వైరస్ సోకాక మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము మీద పడే ఆటో ఇమ్యూన్ జబ్బు) ముప్పు 32 రెట్లు పెరిగిందని తేలింది. ఐతే ఆ వైరస్ పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ ఉండేదే, జబ్బు కొందరికే. ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి కీళ్ళవాతం వస్తే రెండోవారికి వచ్చేది నూటికి 15 మందికే. జన్యువులు కొంత, వైరస్ కొంత, పొగ కొంత, ఆడవాళ్ళలో ఎక్కువ కావడం ఇంకొంత. ఒక గోధుమో, ఒక పాలో తీసేస్తే అన్ని జబ్బులూ పోతాయనడానికి ఈ లెక్కల్లో ఆధారం లేదు.

జీవితాంతమేనా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైంది, దానికి ల్యాబుల్లో పని జరుగుతోంది. రక్షణ కణాలని అదుపులో పెట్టే కణాలు వేరే ఉన్నాయని 1995లో జపాన్ శాస్త్రవేత్త సకగూచి చూపించాడు, దాని వెనక జీన్‌ని అమెరికాలో బ్రంకో, రామ్స్‌డెల్ పట్టుకున్నారు, ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. జర్మనీలో ఎర్లాంగెన్ డాక్టర్లు పేషెంట్ సొంత టి కణాల్ని (ఒక రకం రక్షణ కణాలు) మార్చి ఎక్కించే కార్-టి చికిత్సని లూపస్, మయోసైటిస్ లాంటి జబ్బులున్న 15 మందికి ఇచ్చి 2024లో రాశారు, వాళ్ళు ఇమ్యూనిటీ తగ్గించే మందులన్నీ ఆపగలిగారు. అది ఇంకా కొద్దిమందికే అందే చికిత్స, మనలాంటి ఇళ్ళకి రావడానికి టైం పడుతుంది.

పిన్ని ఇప్పుడు మళ్ళీ ఆ మాత్రే వేసుకుంటోంది. రెండు వేళ్ళు నిటారుగా రావు, అవి ఇక రావని డాక్టర్ చెప్పేశారు, మిగతా ఎనిమిదీ బానే ఉన్నాయి. కొత్త డాక్టర్ స్ట్రిప్ మీద పెన్నుతో తెలుగులో "ఆదివారం మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసిచ్చారు, స్ట్రిప్ మారినప్పుడల్లా ఆ రెండు ముక్కలూ బాబాయి రాస్తాడు.