ఎముక చివర గోంగూర మడి

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారుగా, మరి పిండికట్టు ఎందుకు?" చెయ్యి ఆనించి పడిన పిల్లల అమ్మానాన్నలు తరచూ అడిగే ప్రశ్న ఇది. పిల్లల్లో కీలును బిగించి ఉంచే లిగమెంట్ల కన్నా ఎముక చివర, అది పొడవు పెరిగే పొర అయిన గ్రోత్ ప్లేటే బలహీనం. పెద్దవాళ్ళకు బెణికే దెబ్బకు వీళ్ళకు ప్లేటు తెగుతుంది. అది మృదులాస్థి. తెగినా జరగకపోతే ఎక్స్‌రేలో పట్టుబడదు. అప్పుడు వేలే పరీక్ష: మణికట్టు కీలుకు సుమారు సెంటీమీటరు పైన ఎముక మీద నొక్కితే పిల్లవాడు ఉలిక్కిపడితే విరిగినట్టే లెక్క. కట్టు వేసి, రెండు వారాలకు మళ్ళీ ఎక్స్‌రే తీస్తే కొత్త ఎముక గీత బయటపడవచ్చు.

గోంగూర కాడ కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేళ్ళు మడిలోనే ఉన్నాయి కనక. ప్లేటులో విభజన చెందే కణాలు కీలు వైపు ఉంటాయి, అవే వేళ్ళు. తర్వాతి వరసలో కణాలు ఉబ్బి డొల్లబారతాయి, అవే కాడలు. చీలిక ఎక్కువగా నడిచేది ఆ లేత కాడల్లోనే. 1963లో టొరంటో వైద్యులు సాల్టర్, హారిస్ ప్లేటు విరుపులను విడదీసిన ఐదు రకాల్లో 1, 2 ఇవే. రెండో రకంలో ఎముక ముక్క కూడా కొంచెం ఊడి వస్తుంది, అంతే. 3, 4 రకాల్లో పార మడినే చీల్చి కీలులోకి దిగుతుంది. అంచులు సరిగ్గా కలవకపోతే మధ్యలో ఎముక వంతెన కట్టుకుంటుంది. మడిలో ఒక మూల సిమెంటు పోసినట్టు ఆ పక్క ఎదగదు, ఈ పక్క ఎదుగుతుంది, ఎముక వంకరపోతుంది. అయిదోది మడిని రోలరుతో తొక్కించడం. చాలాసార్లు ఎదుగుదల ఆగాకే తెలుస్తుంది.

మోకాలి పైన మాత్రం ఈ పోలిక పనిచేయదు. అక్కడి ప్లేటు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనక రెండో రకం చీలిక కూడా వేళ్ళను కోసేస్తుంది. తొడ ఎముక పొడవులో 70 శాతం ఆ చివర నుంచే వస్తుంది మరి!

పక్కకు జరిగిన 1, 2 రకాలను మత్తు ఇచ్చి, ముందు బాగా లాగి, ఆపైన మెల్లగా నెట్టి సరిచేస్తారు. ఒకటి రెండు ప్రయత్నాలు చాలు. వారం దాటాక మళ్ళీ నెడితే మడిలోని వేళ్ళే గీసుకుపోతాయి. మిగిలిన కాస్త వంకరను, రెండేళ్ళ ఎదుగుదల ఉంటే, ఎముకే దిద్దుకుంటుంది. 3, 4 రకాలు 2 మిల్లీమీటర్లకు మించి జరిగితే ఆపరేషన్. స్క్రూలు ప్లేటును దాటకూడదు, దానికి సమాంతరంగా పోవాలి. దాటక తప్పకపోతే నున్నటి తీగే వాడాలి.

"నరం పట్టింది" అంటూ నూనె రాసి తోమించడం, ఎక్స్‌రే లేకుండా నాటు కట్టు బిగించడం, రెండూ వద్దు. ఏ కట్టయినా సరే, చేతి వేళ్ళో కాలి వేళ్ళో చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించాలి.

3, 6 నెలలకు దెబ్బ తగిలిన వైపూ, తగలని వైపూ ఎక్స్‌రే తీసి పోల్చాలి. ఎదుగుదల కొన్నాళ్ళు ఆగి మళ్ళీ సాగినచోట తెల్లటి గీత పడుతుంది, దాన్ని హారిస్ గీత అంటారు (ఈ హారిస్ వేరు). ప్లేటుకు సమాంతరంగా ఉంటే ఎదుగుతున్నట్టు. ఒకచోట ఏటవాలుగా వచ్చి ప్లేటును తాకితే అక్కడ వంతెన కట్టినట్టు. అది ప్లేటులో సగం కన్నా తక్కువై, రెండేళ్ళ ఎదుగుదల మిగిలి ఉంటే, తొలిచేసి ఆ గుంటలో పిల్లవాడి కొవ్వే నింపుతారు, ఎముక మళ్ళీ అతుక్కోకుండా.