గేర్ ఆయిల్ దించే ముందు పై బోల్టు విప్పండి: కడప షెడ్డు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆదివారం ఉదయం పది దాటాక ఫోను మోగితే, అది గేర్‌బాక్సు గురించేనని చూడకుండానే చెప్పగలను. వారమంతా వీడియోలు చూసి, శనివారం ఆయిల్ డబ్బా కొని, ఆదివారం ఇంటి ముందు కారు కిందికి దూరినవాళ్ల ఫోను అది. వాళ్లను నేను తప్పు పట్టను. షెడ్డు నడుపుకునేవాణ్ణి కాబట్టి "మా దగ్గరికే తీసుకురండి" అనాలి గానీ, మాన్యువల్ గేర్‌బాక్సులో ఆయిల్ మార్చడం ఇంట్లో చేసుకోదగిన పనే. మామూలు చిన్న కారులో అయితే ఫిల్టర్ ఉండదు. కింద ఆయిల్ దించే బోల్టు ఒకటి, పక్కన కాస్త పైన నింపే బోల్టు మరొకటి, అంతే. చిక్కంతా ఆ పని చుట్టూ అల్లుకున్న మాటలతోనే.

అపోహ: ముందు పాత ఆయిల్ దించాలి, ఆ తరువాత కొత్తది పోసే సంగతి చూడాలి.

వినడానికి ఇంతకంటే సహజమైన మాట లేదు. అందుకే ఇందులో పడేవారు ఎక్కువ.

కిందటేడాది ఎర్రముక్కపల్లెలో ఒక లెక్కల మాస్టారు సరిగ్గా ఇలాగే చేశారు. కింది బోల్టు విప్పారు, ఆయిల్ చక్కగా దించారు, కొత్త వాషర్ వేసి బిగించారు. అంతవరకు నేను కూడా అంత శుభ్రంగా చేయనేమో. తరువాత నింపే బోల్టు దగ్గరికి వచ్చారు. దానిది అలెన్ కీ పట్టే గుంట. ఏళ్ల తరబడి మట్టి, గ్రీజు గడ్డకట్టి గుంట సగం పూడిపోయింది. కీ పైపైనే పట్టింది. బలంగా తిప్పేసరికి ఆరు పలకల గుంట గుండ్రమైపోయింది.

"ఇప్పుడు కారు కట్టి లాక్కుని రానా బాబూ?" అని ఫోను.

"వద్దు సార్. ముందు చక్రాలు తిరిగితే, గేర్‌బాక్సు లోపల చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ ఎండుగా తిరుగుతుంది. అక్కడే ఉంచండి, నేనే వస్తున్నాను" అన్నాను.

మేకుతో మట్టి గీకి, ఒక సైజు పెద్దదైన నక్షత్రం బిట్టును సుత్తితో దిగ్గొట్టి, మెల్లగా తిప్పాను. కీచుమని ఒక్క శబ్దం చేసి వదిలింది. కొత్త బోల్టు కోసం తిరిగిన తిరుగుడుతో కలిపి రెండు గంటలు పట్టింది. మాస్టారు రెండుసార్లు కాఫీ ఇచ్చారు, రెండుసార్లూ క్షమాపణ చెప్పారు.

అందుకే మొదట నింపే బోల్టు విప్పండి. అది కదలకపోతే ఆ రోజు పని అక్కడితో ఆపేయండి. పాత ఆయిల్ లోపలే ఉంది, కారు నడుస్తుంది, తాపీగా షెడ్డుకు తెచ్చుకోవచ్చు. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే ఇంకా మంచిది.

అపోహ: గేర్ ఆయిల్ డబ్బా మీద రాసే రకాల్లో జీఎల్-4 కంటే జీఎల్-5 పెద్ద నంబరు, కాబట్టి మేలైన ఆయిల్.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే అమ్మేవాళ్లు కూడా ఈ మాటే చెబుతారు. ఇది ఐదో తరగతి పాసైతే నాలుగో తరగతి కంటే ఎక్కువ అన్నటువంటి లెక్క కాదు. రెండూ వేర్వేరు పనులకు.

జీఎల్-5 ముఖ్యంగా వెనుక చక్రాలతో నడిచే బండ్ల వెనుక యాక్సిల్ కోసం. అక్కడి హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ విపరీతమైన ఒత్తిడితో తిరుగుతాయి. ఆ పళ్లు ఒరుసుకుపోకుండా గంధకం, భాస్వరం కలిసిన మందులు అందులో ఎక్కువ మోతాదులో వేస్తారు. మన గేర్‌బాక్సులో మాత్రం సింక్రో రింగులు ఉంటాయి, చాలా వాటిలో ఇత్తడివి. వేడిలో ఆ గంధకం ఇత్తడిని, రాగిని తినేయగలదు. ఇప్పటి జీఎల్-5 ఆయిళ్లు కొన్ని ఈ విషయంలో మెరుగైనా, ఇంకో ఇబ్బంది అలాగే ఉంది. సింక్రో రింగు చేసే పనే రాపిడితో. మీరు గేరు మార్చినప్పుడు అది గేరు శంకువును పట్టుకుని రెండిటి వేగాన్నీ క్షణంలో సమానం చేయాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ఆ పట్టు దొరకదు. మూడో గేరులోకి వేసినప్పుడు కర్రుమంటుంది. "మంచి ఆయిల్ పోసినా ఇలా ఎందుకైంది" అని అడుగుతారు. ఆ మంచి ఆయిలే కారణం.

అలాగని అన్నింటికీ జీఎల్-4 అనీ అనను. కొన్ని కార్ల పుస్తకాల్లో జీఎల్-5 అనే రాసి ఉంటుంది. హోండా తన మాన్యువల్ గేర్‌బాక్సులకు ఎంటీఎఫ్ అనే సొంత ఆయిల్ చెబుతుంది. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా పడి ఉన్న ఆ పుస్తకంలో ఒక్క పేజీ చూడండి. గ్రేడు, ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి, అన్నీ అక్కడే ఉంటాయి. చిన్న కార్లకు సుమారు 2 లీటర్లు పడుతుంది. ఒక లీటరు డబ్బా కొనుక్కుని వచ్చి, మిగతా దానికోసం నల్ల చేతులతో స్కూటరెక్కినవాళ్లు కూడా ఉన్నారు.

అపోహ: కడప ఎండలకు చిక్కటి ఆయిల్ పోయాలి.

మే నెలలో బయట 43 డిగ్రీలు ఉందని గేర్‌బాక్సుకు చెప్పనవసరం లేదు. హైవే మీద గంట నడిచాక లోపలి ఆయిల్ మన ఎండను ఎప్పుడో దాటేసి ఉంటుంది. డబ్బా మీద 75డబ్ల్యూ-80 లాంటి గ్రేడు ఉంటుంది, అందులో చివరి నంబరు 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెప్పేదే. కాబట్టి వేడి లెక్క ముందే వేశారు. కంపెనీ 75డబ్ల్యూ-80 అంటే అదే పోయండి. మరీ చిక్కటిది పోస్తే తెల్లవారుజామున మొదటి నుంచి రెండో గేరు మొండికేస్తుంది, గేర్లు ఆ జిగురులో తిరగడానికి అదనంగా బలం తింటాయి.

ఇక్కడే ఇంకో పొరపాటు. గేర్ ఆయిల్ మీద 90 అని చూసి, అది ఇంజిన్ ఆయిల్ 40 కంటే రెట్టింపు చిక్కన అనుకుంటారు. రెండు కొలబద్దలు వేరు. 100 డిగ్రీల దగ్గర గేర్ ఆయిల్ 90కి ఉండాల్సిన కనీస చిక్కదనం 13.5 సెంటీస్టోక్స్, ఇంజిన్ ఆయిల్ 40కి 12.5. పెద్ద తేడా ఏమీ లేదు.

అపోహ: దించిన ఆయిల్‌లో ఇనుప రజను కనిపిస్తే గేర్‌బాక్సు పోయినట్టే.

చాలా కార్లలో కింది బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంటుంది, నూనెలో కలిపిన విభూతిలాగా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. కాటుకలా మెత్తగా జారిపోతే అది మామూలు అరుగుదల, తుడిచేసి బోల్టు బిగించుకోండి. వేళ్ల మధ్య గరగరమంటే అనుమానించాలి. బియ్యపు నూకంత ముక్కలు తగిలితే పంటి కొసలు విరుగుతున్నాయి. ఇంకోటి, ఇత్తడి అయస్కాంతానికి అంటదు. దించిన ఆయిల్‌ను గిన్నెలో ఎండకు పట్టి కాస్త తిప్పండి. పసుపు నలక తళుకుమంటే అది సింక్రో రింగుల నుంచి వచ్చింది. కాస్త మెరుపుకు భయపడనక్కర లేదు గానీ, బంగారు రంగు వేసినట్టుంటే పని ఉంది.

ఈ పరీక్ష చేశాక చేతికి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. గంధకం. సబ్బుతో రెండుసార్లు కడిగినా మధ్యాహ్నం అన్నం ముద్దలో తెలుస్తుంది. చేతి తొడుగులు వేసుకోండి. నేను ఇరవై ఏళ్లుగా వేసుకోలేదు, అది వేరే సంగతి.

అపోహ: ముందు భాగం జాకీతో లేపితే చాలు.

రెండు రకాలుగా తప్పు. ఒకటి ప్రాణానికి సంబంధించింది. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే తప్ప కింద పడుకోవడానికి కాదు. కారు బరువు మోసే స్టాండ్లు లేకుండా ఎవరూ కారు కిందికి వెళ్లకూడదు. పైగా మన ఇళ్ల ముందు నునుపు చేసిన కడప బండలు. వాటి మీద ఆయిల్ చుక్క పడితే జాకీ జారుతుంది. బండను ముందు సుత్తి పిడితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉంది, బరువంతా ఒక్కచోట పడితే బండ పగులుతుంది. మందపాటి చెక్క పలక వేసి దాని మీద స్టాండ్ పెట్టండి.

రెండోది కొలత. నింపే రంధ్రం కింది అంచు దాకా ఆయిల్ ఉండాలన్నది లెక్క. ముక్కు పైకెత్తిన కారులో ఆ అంచు అబద్ధం చెబుతుంది. నాలుగు స్టాండ్ల మీద సమానంగా ఎత్తండి. లేదా పుస్తకంలో చెప్పినంత కొలిచి పోసి, కారు దించి, సమతలంలో చూసుకోండి. చాలా కార్లలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పితే చక్రం వెనుక సందులోంచి చెయ్యి వెళుతుంది. చిటికెన వేలు రంధ్రంలో పెట్టి కొస కిందికి వంచితే, అంచు దగ్గరే తడి తగలాలి. ఎక్కువైతే సన్నటి ధారగా కారుతుంది. చుక్కలుగా మారి ఆగేదాకా వదిలేయండి. "ఇంకో పావు లీటరు ఎక్కువ ఉంటే మంచిదేగా" అనేవాళ్లకు చెప్పేది ఒకటే, ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది, వేడెక్కుతుంది, చివరికి సీళ్ల గుండా బయటికి వస్తుంది.

చిన్నవి కొన్ని.

గేరు పడకపోతే ఆయిల్ మారిస్తే చాలు అంటారు. ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్టు చేస్తే మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది క్లచ్‌ని. రివర్స్ కర్రుమంటే కూడా కంగారు పడకండి. చాలా కార్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయండి.

డీజిలో కిరసనాయిలో పోసి లోపల కడగడం వద్దు. మూలల్లో మిగిలిన ఆ పలుచన కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. దానికి బదులు పది కిలోమీటర్లు నడిపి, వేడి మీద దించండి. చేయి కాలనంత వేడి చాలు.

గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే గేర్‌బాక్సు అరగదు, పెట్రోలు మిగులుతుంది అంటారు. ఇంజెక్షన్ ఇంజిన్‌లో గేరు ఉంచి కాలు తీస్తే పెట్రోలు దాదాపు ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఖర్చవుతుంది. బ్రేకులు కాలిపోయే ప్రమాదం అదనం. గువ్వలచెరువు పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు, గేరులోనే దిగండి.

దించిన ఆయిల్ చెదలకు మంచి మందని దూలాలకు పూస్తారు, మిగిలింది కాలువలో పోస్తారు. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. పాత డబ్బాలోనే నింపి మూత బిగించి, అనుమతి ఉన్న సేకరణదారులకు ఇచ్చే షెడ్డులో అప్పగించండి.

బోల్టులకు వాషర్లు కొత్తవి వేయండి, పుస్తకంలోని బిగువు దాటకండి. కేసింగు అల్యూమినియం, మరలు తేలిగ్గా పోతాయి. రాత్రి కారు కింద పాత దినపత్రిక పరిచి పడుకోండి. ఉదయం దాని మీద చుక్క ఉంటే, అది ఏ బోల్టుకు సూటిగా కింద ఉందో చూసుకున్నాకే కారు తీయండి.