పైకి పోదామంటే కొండ అయిపోయింది

చైత్ర పౌర్ణమి దగ్గరికొస్తే మా అచ్చంపేట చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా ఒకటే మాట: "సలేశ్వరం పోతున్నవా?" శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక ఫరహాబాద్ దగ్గర సలేశ్వరం జాతరకు పోయే బండ్లు నల్లమల అడవిలోకి మళ్లుతాయి. బండి పోలేని చోట దిగి నడవాలి. ఏప్రిల్ ఎండ, ఆకు రాలిన చెట్లు, కాళ్లు కాల్చే రాళ్లు. ఆ ఎండలోనే జనం "వస్తున్నం లింగమయ్యా" అని కేకలేసుకుంటూ లోయలోకి దిగుతారు. సగం దూరం దిగేసరికి గాలి మారుతుంది. ఇంకొంత దిగితే రాతిగోడ చెమ్మగా ఉంటుంది, చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. అడుగున గుండం. పైనుంచి పడే నీళ్ల కింద నిలబడితే పళ్లు టకటకలాడతాయి. ఊళ్లలో బోర్లు ఎండిపోయే నెలలో అక్కడ నీళ్లు పడుతూనే ఉంటాయి.

మా నాయనమ్మ దాన్ని లింగమయ్య మహిమ అనేది. నేను కాదనను. కానీ ఆ చల్లదనం వెనక ఉన్న లెక్క తెలిశాక నాకు సలేశ్వరం మీద భక్తి ఇంకా పెరిగింది, భయం కూడా పట్టుకుంది.

సైన్సు పుస్తకం ప్రకారం కొండ ఎక్కితే చల్లబడాలి, దిగితే వేడెక్కాలి. సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. సలేశ్వరంలో మాత్రం దిగిన కొద్దీ చలి. నిటారు గోడల మధ్య సందు కాబట్టి రోజులో కాసేపే ఎండ పడుతుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. రాతి నుంచి ఊరే నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, మన ఇళ్లలో మట్టికుండ చేసే పనే. ఈ మూడూ కలిసి చుట్టూ ఉన్న అడవికి సంబంధం లేని ఒక చిన్న వాతావరణాన్ని తయారు చేస్తాయి. ఇట్లాంటి సందు లోయను మా దగ్గర లొద్ది అంటారు. అట్లాంటి లొద్దిలో కొలువైన దేవుడు లొద్ది మల్లయ్య పేరు మా వైపు విననివాళ్లు ఉండరు. మల్లెలతీర్థం జలపాతం కూడా అట్లాంటి చోటే.

ఇప్పుడు భయం సంగతి. భూమి వేడెక్కుతున్న కొద్దీ కొండల్లోని చెట్లు, జంతువులు తమకు అలవాటైన చల్లదనాన్ని వెతుక్కుంటూ పైకి జరుగుతాయి. 2 డిగ్రీలు పెరిగితే, పాత చల్లదనం దొరకాలంటే లెక్క ప్రకారం 300 మీటర్లు పైకి పోవాలి. హిమాలయాల్లో పైన ఇంకా కొండ ఉంది, కొంతకాలమైనా జరగడానికి చోటుంది. నల్లమలకు ఆ అవకాశం లేదు. అమ్రాబాద్ వైపు కొండలన్నీ 1000 మీటర్ల లోపే, పైభాగం చాలాచోట్ల చదునుగా పీఠభూమిలా ఉంటుంది. ఒకసారి పైకెక్కాక ఇక ఎక్కడానికేమీ ఉండదు. మా జంతువులకు మిగిలింది పక్కకు జరగడం, లేదా లొద్దిలోకి దిగడం.

అందుకే కొండ వన్యప్రాణుల రక్షణ అనగానే అందరూ పులి ఫోటో పెడితే నాకు వెలితిగా అనిపిస్తుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వు నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రం విడిపోకముందు దేశంలోనే అతి పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వులో ఇదొక ముక్క. అంత అడవిలో మే నెలలో చల్లగా, తడిగా మిగిలే జాగా చాలా తక్కువ. ఎలుగుబంటికి ఒళ్లంతా నల్లటి బొచ్చు, పగలు గుహ నీడ దొరక్కపోతే తట్టుకోలేదు. పులి వెనక్కి నడుచుకుంటూ తోక వైపు నుంచి నీళ్లలోకి దిగి గంటల తరబడి కూర్చుంటుంది. చుక్కల దుప్పులు రోజూ నీళ్లు తాగాల్సిందే. కొండ అంచులకు పట్టే పెద్ద తేనెటీగలు కూడా నీటిబొట్లు మోసుకొచ్చి పట్టును చల్లబరుచుకుంటాయి. వీటన్నిటినీ వేసవి దాటించేది ఆ కాస్త తడి జాగానే.

మరి లొద్దిలోకి నీళ్లు ఎక్కడివి? కొండపైన ఉన్నది గట్టి క్వార్ట్‌జైట్ రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి శ్రీశైలం పేరే పెట్టారు. రాయి గట్టిదే గానీ ఒళ్లంతా పగుళ్లు. వానాకాలం నీళ్లు ఆ పగుళ్లలో నెమ్మదిగా దిగి, కింద నీటిని దిగనివ్వని పొర తగిలితే పక్కకు మళ్లి, లోయ గోడలో ఊటగా బయటికొస్తాయి. జూన్, జులైలో పడ్డ వాన ఏప్రిల్‌లో మన నెత్తిన పడుతుందన్నమాట. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ దగ్గర యురేనియం దొరికింది కూడా ఈ క్వార్ట్‌జైట్, దాని కింది గ్రానైట్ కలిసే చోటే. 2019లో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి కేంద్రంలోని అటవీ సలహా కమిటీ ప్రాథమికంగా ఒప్పుకుంటే ఇక్కడ ఊరూరా జనం లేచారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. పులి కోసం కొందరు, చెంచుల కోసం కొందరు, కృష్ణా నీళ్ల కోసం కొందరు పోరాడారు. నాకైతే ఆ రాయి పగుళ్లే గుర్తొచ్చేవి. వందల బోరు రంధ్రాలు పడితే ఆ నీళ్ల దారి ఎటు మళ్లుతుందో!

రాయి ఒక్కటే చాలదు, పైన ఆకు కూడా ఉండాలి. రాలిన ఆకు మందంగా పరుచుకున్న నేల మీద వాన పడితే దెబ్బ ఆకు కాచుకుంటుంది, నీరు మెల్లగా ఇంకుతుంది. ఆకు కాలిపోయిన నేల మీద చినుకు సూటిగా మట్టిని కొడుతుంది, సన్నని మట్టి రంధ్రాల్లో కూరుకుపోయి నేల మూసుకుపోతుంది. నీరు పైపైనే బూడిదను, మట్టిని ఎత్తుకుని వాగుల్లోకి పారిపోతుంది. కాబట్టి శివరాత్రి తర్వాత అంటుకునే ప్రతి నిప్పూ వచ్చే ఏడాది ఊటలో కొంత తగ్గించినట్టే.

మా అడవిలో నిప్పు దాదాపు మనిషి చేతిదే. విసిరేసిన బీడీ, పొయ్యి ఆర్పకుండా వెళ్లిపోయిన యాత్రికులు, ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకు తగలబెట్టడం. వాతావరణ మార్పు అగ్గిపుల్ల గీయదు, కానీ ఆకును ఎండబెట్టి ఉంచుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అంత దాహంతో ఉన్న గాలి ఆకులోని చివరి తడిని కూడా పీల్చేస్తుంది. ఒకప్పుడు పొగ వచ్చి ఆరిపోయే నిప్పు ఇప్పుడు పాకుతుంది. మంట వేడిని ఉపగ్రహం పట్టి ఫోన్‌కు మెసేజ్ పంపే ఏర్పాటు ఉంది. అందులో ఒక చుక్క అంటే నేల మీద 375 మీటర్ల గడి. పైగా ఉపగ్రహం రోజులో కొన్నిసార్లే మన మీదుగా పోతుంది. ఆ గడిలో ఏ వాగు వైపు నుంచి పోతే ముందు చేరతామో, పచ్చికొమ్మలతో ఎక్కడ కొడితే ఆగుతుందో తెలిసినవాడు నేల మీద ఉండాలి. అమ్రాబాద్‌లో ఆ పని చేసేవాళ్లలో చాలామంది చెంచు యువకులు.

చెంచుల గూడేన్ని పెంట అంటారు. ఒకసారి జాతర నుంచి తిరిగొస్తుంటే మా బాటిళ్లు ఖాళీ అయ్యాయి. మాతో నడుస్తున్న చెంచు పెద్దాయన ఎండిన వాగులో ఒక వంపు దగ్గర ఆగి "గీడ తవ్వు సారూ, నీళ్లుంటయ్" అన్నాడు. చేత్తో మూరెడు తోడితే ఇసుక తడిసింది, ఇంకాస్త తోడితే నీళ్లూరాయి. మొదటి నీళ్లు తోడి పారబోయమన్నాడు, రెండోసారి ఊరినవి తాగమన్నాడు. లేచేటప్పుడు నేను చెలమను ఇసుకతో పూడ్చబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక వైపు గోడను కాలితో నెట్టి ఏటవాలుగా చేసి "రాత్రికి వేరేటోళ్లొస్తరు" అన్నాడు.

అటవీ శాఖ కట్టే సాసర్ పిట్లు చూసినప్పుడల్లా నాకు ఆ కాలు గుర్తొస్తుంది. సాసర్ పిట్ అంటే పెద్ద పళ్లెంలాంటి లోతులేని సిమెంటు గుంట, అంచు నేలతో సమానంగా, లోపలికి వాలుగా ఉంటుంది. తాబేలు దిగినా మళ్లీ పైకి రాగలదు. ట్యాంకరుతోనో, సోలార్ బోరుతోనో నింపుతారు. వేసవిలో ఇవి ప్రాణాలు నిలబెడుతున్నాయి, అందులో అనుమానం లేదు. కాకపోతే జంతువులన్నీ ఒక్కచోట గుమికూడితే చుట్టూ గడ్డి నేల దాకా మేసేస్తాయి, రోగం ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుతుంది, ఉచ్చులు పెట్టేవాడికి చోటు వెతికే పని తప్పుతుంది. నీళ్లు మార్చకపోతే పాచి. ఇంకొక టెన్షన్ కూడా ఉంది: ఊటకు దగ్గర్లో సోలార్ బోరు రోజంతా తోడితే అది ఊట నోటి దగ్గర నీళ్లనే లాక్కుంటుంది. లొద్దిని ఎండబెట్టి పళ్లెం నింపడం మనం కోరుకునేది కాదు. పళ్లెం అత్యవసర వైద్యం లాంటిది, ఊట ఆరోగ్యం లాంటిది.

రిజర్వు లోపలి పెంటలను బయటికి తరలించే ప్యాకేజీ 2021 నుంచి కుటుంబానికి 15 లక్షల రూపాయలు. బడి, ఆసుపత్రి కావాలని ఇష్టపడి పోయేవాళ్లను ఎవరూ ఆపకూడదు. ఉంటామన్నవాళ్లకు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు దక్కాలి. వాళ్లకు చెలమలు, ఊటలు, తేనె గోడలు పేరుపేరునా తెలుసు. ఆ తెలివిని కూలి లెక్కలో కాకుండా ఉద్యోగం లెక్కలో చూడాలని నా కోరిక. నిప్పు కావలి పని ఎండాకాలం నాలుగు నెలలే ఇచ్చి మిగతా ఏడాది వదిలేస్తే, అనుభవం ఉన్న కుర్రాడు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా పోతాడు. పాలమూరుకు వలస కొత్త కాదు కదా.

డబ్బు ఇవ్వాలనుకునేవాళ్లకు దారి ఉంది. 2006లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ప్రకారం ప్రతి టైగర్ రిజర్వుకూ ఒక ఫౌండేషన్ ఉండాలి. గేటు రుసుము, విరాళాలు అందులోకి చేరి ఆ రిజర్వుకే ఖర్చవుతాయి. చెంచుల తేనె గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొంటే అదీ సాయమే. తేనె కోసం కొండ అంచున తాడు మీద వేలాడేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదేనని చెంచులు చెబుతారు. అక్కచెల్లెలి బతుకు తన చేతిలో ఉందని అతనికి తెలుసు కాబట్టి తాడు వదలడట. ఇక జాతరకు పోయేవాళ్లం మోసుకెళ్లిన ప్లాస్టిక్ మనమే వెనక్కి మోసుకురావాలి. గుండంలో తేలే షాంపూ ప్యాకెట్లు నేను నా చేతులతో ఏరాను, లింగమయ్య ముందు తలెత్తుకోలేకపోయాను.

వీటన్నిటికంటే ముందు జరగాలని నేను ఆశపడే పని ఒకటుంది. సిక్కింలో ఊటలు ఎండిపోతుంటే 2008లో ధారా వికాస్ అని మొదలుపెట్టారు. ఊటకు నీరు ఎక్కడి నుంచి వస్తుందో రాతి పొరలను చూసి కనిపెట్టి, ఆ వాలు మీద ఉపాధి హామీ కూలీలతో చిన్న కందకాలు తవ్వించారు. వాన నీరు పారిపోకుండా ఇంకి, ఎండిన ఊటలు కొన్ని మళ్లీ పారాయి. నల్లమల రాయి వేరు, వాన వేరు, ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టలేం. ముందు మా ఊటల లెక్క తేలాలి. ఏ లొద్దిలో ఏ నెలలో నిమిషానికి ఎన్ని లీటర్లు? దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఊట కింద ఒక బకెట్ పెట్టాలి, అది నిండేదాకా ఫోన్‌లో సెకన్లు చూడాలి, నోటు పుస్తకంలో రాయాలి. నెలకో రోజు, పెంటకు ఇద్దరు. మృగశిర కార్తె ముందు ఒకసారి, వానలు వెనక్కి పోయాక ఒకసారి తప్పకుండా కొలవాలి. సలేశ్వరం పెద్ద ధార బకెట్‌కు లొంగదు గానీ, దారిలో గోడల నుంచి కారే చిన్న ఊటలు లొంగుతాయి. వాటితో మొదలుపెట్టొచ్చు.