సముద్రం వెళ్ళిపోయిన రేవు

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"రేవు పట్నం అన్నావు, మ్యాప్‌లో చూస్తే చుట్టూ పొలాలే కదా తాతయ్యా?" అని మొన్న చిన్నూ అడిగాడు. మిలేటస్ సంగతి ఫోన్‌లో తేలేది కాదు, అందుకే ఉత్తరం.

ఇప్పటి టర్కీ పడమటి తీరంలో గ్రీకులు కట్టుకున్న ఊరది. ఆ తీరం పేరు అయోనియా. మన పాత గ్రంథాల్లో కనిపించే 'యవనులు' అన్న మాట అక్కణ్ణుంచి వచ్చిందే. ఊరికి నాలుగు రేవులుండేవి. ఇక్కడివాళ్ళు ఓడలెక్కి నల్లసముద్రం దాకా వెళ్ళి డజన్ల కొద్దీ కొత్త ఊళ్ళు పెట్టారు.

పాతకాలపు గ్రీకు తత్వవేత్త థేలీస్ ఈ ఊరివాడే. ఇంత చదివి ఏం సంపాదించావని జనం ఎత్తిపొడిచారట. ఆలివ్ కాపు బాగుంటుందని ముందే లెక్కగట్టి, చలికాలంలోనే గానుగలన్నిటికీ కొంచెం కొంచెం అడ్వాన్స్ ఇచ్చి పెట్టుకున్నాడు. కాపు చేతికొచ్చాక ఒకటే పరుగులు, ఆయన చెప్పిందే అద్దె! అరిస్టాటిల్ రాసిన కథ ఇది. జరిగిందో లేదో గానీ నాకు భలే ఇష్టం.

క్రీ.పూ. 494లో, తిరగబడ్డారన్న కోపంతో పర్షియన్లు ఊరిని నాశనం చేశారు. ఏథెన్స్‌లో ఆ కథను నాటకంగా ఆడితే జనం వెక్కివెక్కి ఏడ్చారు. మా బాధ మళ్ళీ గుర్తుచేస్తావా అంటూ రాసినాయనకే 1000 డ్రాక్మాల (అప్పటి గ్రీకు వెండి నాణేలు) జరిమానా వేశారు! పాపం.

ఊరు మళ్ళీ లేచింది, చదరంగం గళ్ళలాంటి వీధులతో. కానీ పక్కనే మియాండర్ నది ఉంది. వరద రోజుల్లో గోదావరి నీళ్ళు గ్లాసులో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి, పొద్దుటికి అడుగున మట్టి పేరుకుంటుంది. సముద్రంలో కలిసేచోట నది నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన ఒండ్రుమట్టిని అక్కడే వదిలేస్తుంది. పైన కొండల మీద చెట్లు కొట్టి దున్నేకొద్దీ మట్టి ఇంకా ఎక్కువగా కొట్టుకొచ్చింది. వందల ఏళ్ళకు రేవులు పూడిపోయాయి. ఇప్పుడు సముద్రం ఎనిమిది కిలోమీటర్ల పైనే దూరం.

ఊరు నాశనమయ్యే ముందు పర్షియన్లతో ఓడల యుద్ధం జరిగింది లేడే అనే దీవి దగ్గర. మ్యాప్‌లో దాన్ని నీళ్ళలో వెతక్కండి, పొలాల మధ్య చిన్న గుట్టగా ఉంది. రేవు ముఖద్వారానికి అటొకటి ఇటొకటి కాపలా పెట్టిన పాలరాతి సింహాలు మాత్రం ఇంకా అక్కడే, బురదనేలలో పడి ఉన్నాయి. ఫోటో అమ్మ ఫోన్‌కి పంపాను, చూడండి.

మీ తాతయ్య