ఆకు మీద లేజర్ పడితే

ఆకు పసుపెక్కిందంటే ఏదో లోపం ఉందని తెలుస్తుంది గానీ, ఏ లోపమో కంటిచూపుతో తేల్చడం కష్టం. మెగ్నీషియం తగ్గితే ముదురాకుల్లో ఈనెల మధ్య భాగం పసుపెక్కుతుంది. ఇనుము తగ్గినా దాదాపు అలాగే ఉంటుంది, కాకపోతే లేతాకుల్లో మొదలవుతుంది. సీసం, కాడ్మియం చేరినప్పుడైతే చాలాసార్లు ఆకు నిక్షేపంగా పచ్చగానే ఉంటుంది. అందుకే ల్యాబ్ పరీక్ష కావాలి. మామూలు పద్ధతిలో ఆకును ఎండబెట్టి, పొడి చేసి, వేడి నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణాన్ని యంత్రంలో పరీక్షిస్తారు. ఫలితం నమ్మదగ్గదే, కానీ గంటల తరబడి పని.

‘లిబ్స్’ అనే లేజర్ పద్ధతి ఆమ్లం జోలికే పోదు. కొన్ని నానోసెకన్లు మాత్రమే ఉండే లేజర్ పల్స్‌ను ఆకు మీద వెంట్రుక మందమంత చుక్కలోకి కేంద్రీకరిస్తారు. టప్‌మని చిన్న చప్పుడు, ఒక మెరుపు. అక్కడి పదార్థం ఆవిరై, పది వేల డిగ్రీల వేడి ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం నిండిన వాయువుగా, వెలుగుతుంది. మొట్టమొదటి వెలుగులో అన్ని రంగులూ కలిసిపోయి ఉంటాయి, దాంతో పని జరగదు. అందుకే మైక్రోసెకను ఆగి డిటెక్టర్‌ను తెరుస్తారు. ఈలోగా ప్లాస్మా కాస్త చల్లారి, ఒక్కో మూలకం తనదైన తరంగదైర్ఘ్యంలో వెలువరించే కాంతి గీతలు విడివిడిగా తేలతాయి: కాల్షియం 393.4 నానోమీటర్ల దగ్గర, పొటాషియం 766.5 దగ్గర, సీసం 405.8 దగ్గర. 1860లో జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ మంటలో ఇలాంటి గీతలు చూసే సీజియం అనే మూలకాన్ని కనిపెట్టారు. ఇక్కడ మంటకు బదులు లేజర్, అంతే. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ రాళ్ళను పరీక్షించేదీ ఈ పద్ధతిలోనే.

గీత కనబడటం ఒక ఎత్తు, మూలకం ఎంత ఉందో చెప్పడం ఇంకో ఎత్తు. అసలు తలనొప్పంతా ఇక్కడే. రెండు రకాల ఆకుల్లో సీసం సమానంగా ఉన్నా, మిగతా పదార్థాల తేడా వల్ల గీత ఒకదాంట్లో ప్రకాశవంతంగా, మరోదాంట్లో మసకగా రావచ్చు. పచ్చి ఆకులోని నీరు లేజర్ శక్తిలో కొంత మింగేస్తుంది. కాబట్టి కచ్చితమైన అంకె కావాలంటే ఇక్కడా ఎండబెట్టి, పొడి చేసి, బిళ్ళగా నొక్కాల్సిందే. మూలకాల మోతాదు ముందే తెలిసిన ఆకుపొడి బిళ్ళలతో పోల్చి లెక్క కడతారు. ‘నేరుగా పొలంలోనే, క్షణాల్లో’ అనే ప్రచారాన్ని ఆ మేరకు తగ్గించుకుని వినాలి. నైట్రోజన్ సంగతి మరీ ఇబ్బంది: గాలిలోనే 78 శాతం అది ఉంది, మెరుపులో ఏది ఆకుదో ఏది గాలిదో విడదీయడం తేలిక కాదు. కాడ్మియం విషయానికొస్తే, ఆకుకూరల్లో కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు. నీరు పోయి ఎండిన ఆకు లెక్కన ఆ అంకె కొన్ని రెట్లు పెరుగుతుంది, అయినా లిబ్స్‌కు అది అందీ అందనట్టే.

మరి ఆమ్లం పద్ధతి ఉండగా ఇదెందుకు? ఆమ్లంలో కరిగాక ఆకంతా ఒకే సగటు అంకె అయిపోతుంది. లేజర్‌తో చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే, లోహం ఈనెల్లో ఉందో, అంచుల్లో పేరుకుందో పటంలా గీయొచ్చు. ఒకే చోట మళ్ళీ మళ్ళీ కొడితే ఇంకో సంగతి బయటపడుతుంది. సీసం గీత మొదటి దెబ్బకు బలంగా వచ్చి, తర్వాతి దెబ్బలకు మాయమైతే, అది చాలామటుకు పైన పడ్డ దుమ్ము. ప్రతి దెబ్బకూ వస్తూనే ఉంటే సీసం లోపలి కణజాలంలోనే ఉన్నట్టు.